ద్వారబంధం మీద బొట్టు

మా పెరట్లో రేకుల షెడ్డు కింద ఒక పాత వేపచెక్క ద్వారబంధం పడి ఉంది. వాన పడ్డప్పుడల్లా దాన్నుంచి చేదు వాసనతో పాటు, నా ముక్కు భ్రమో ఏమో, మిరపకాయల ఘాటు కూడా వచ్చి నాలుగు తుమ్ములు తుమ్మిస్తుంది. పోయినేడు పల్లెలో మా పాత చర్చి కూల్చినప్పుడు, ఎవరికీ అక్కర్లేని ఈ చెక్కని ఆటోలో వేయించుకుని నరసరావుపేట తెచ్చుకున్నాను.

నాన్న రొంపిచర్ల దగ్గర ఆ పల్లెకి పాస్టరు. ఆదివారం ప్రసంగంలో చెప్పే పిట్టకథల కోసం సగంమంది వచ్చేవాళ్లు, నిద్ర కోసం మిగతా సగం. ఆ కథలే ఆయన వారపత్రికలకి రాసేవాడు. దస్తూరి మాత్రం కోడి గెలికినట్టుండేది కాబట్టి సాపుప్రతి రాయడం పన్నెండేళ్ల నా పని. పాస్టరుగారమ్మాయిగా నాకున్న ఏకైక ఘనత గుండ్రటి అక్షరాలు.

ఊరికీ మా పల్లెకీ మధ్య మిరప కళ్లాలు. ఈస్టరుకి ముందు శ్రమల దినాలు వచ్చేసరికి నేలంతా ఎర్రగా పరుచుకుని, గాలి మా వైపు తిరిగిందంటే నాన్న "ప్రభువా" అనేలోపే పదిమంది దగ్గేవాళ్లు. శుక్రవారం ఉపవాస ప్రార్థన ముగిశాక అమ్మ కాచే బెల్లం టీ, తలా గుప్పెడు మరమరాలు, వాటి కోసం పిల్లలం అంతకు ముందు నుంచే చేసే దొంగ భక్తి, అన్నిటికీ ఆ ఘాటు అంటుకునే ఉండేది.

ఆ శుక్రవారాల్లోనే కోటమ్మగారు వచ్చేది. ఊళ్లో పెద్ద రైతు ఇంటి కోడలు, మా పల్లె గడప తొక్కకూడని మనిషి. ఆమె రెండో కొడుకు జ్వరమొచ్చి మూడు రోజుల్లో పోయాడు. కళ్లం చూసొస్తానని ఇంట్లో చెప్పి బయల్దేరి, మా గుమ్మం దగ్గర ఆగి, నుదుటి మీది ఎర్ర స్టిక్కరు తీసి ద్వారబంధానికి అంటించి, ఆఖరి చాప మీద కూర్చునేది. అందరూ గొంతెత్తి ఏడ్చే ఆ ప్రార్థనలో ఆమె ఏడుపూ కలిసిపోయేది. పోయేటప్పుడు బొట్టు మళ్లీ పెట్టుకునేది.

ఒకసారి నేను గుడ్లప్పగించి చూస్తుంటే అంది: "ఏందే పాపా, అట్టా చూస్తావు? ఇంట్లో ఏడిస్తే అరిష్టమని మా అత్త నోరు నొక్కుద్ది. ఈడైతే ఏందని అడిగేవోళ్లు లేరు. కళ్లెర్రబడితే మిరపకాయలున్నాయిగా!"

నాన్న ఆమె కథ రాశాడు. ఊరిని తీసుకెళ్లి సముద్రం పక్కన పెట్టాడు, మిరపకాయల్ని చేపలు చేశాడు, కొడుకుని కూతురు చేశాడు. కథలో ఆమె గుమ్మం దగ్గర కాలి మెట్టెలు తీసి కొంగున ముడేసుకుంటుంది. సాపు రాస్తూ నేనక్కడ ఆగాను. మెట్టెలేంది, నేను చూసింది బొట్టు కదా! మెట్టెలు తీసేసి, "బొట్టు తీసి ద్వారబంధానికి అంటించింది, ఆ చెక్క ముత్తయిదువయింది" అని రాశాను. బస్సు టైమైపోతోందని నాన్న మళ్లీ చదవకుండానే కవరు అంటించి పంపాడు. సాపు రాయబోయి శాపం రాశానని ఇప్పుడు మాటలతో ఆడుకుంటున్నాను గానీ, ఆ రోజు నాకు గర్వంతో కాళ్లు నేల మీద ఆనలేదు.

కథ అచ్చయింది. ఉత్తరాలు కట్టలుగా వచ్చాయి, అన్నిట్లోనూ ఆ బొట్టే. పత్రికలో ఆ వాక్యం దగ్గర నాన్న ముఖం పాలిపోయింది. నా వైపు చూశాడు. కోటమ్మగారిని హెచ్చరించడానికి ఆ ఇంటికి వెళ్లలేడు, వెళ్తే అదే సాక్ష్యం. శుక్రవారం దాకా ఆగాడు. ఆ శుక్రవారం ఆమె ప్రార్థన మొదలయ్యాక వచ్చింది, వెనకే ఆమె మరిది వచ్చాడు.

లోపల అడుగు పెట్టకుండా, చుట్టచుట్టిన పత్రికతో ద్వారబంధం మీది బొట్టుని తట్టాడు.

"వదినా, బైటికి రా."

ఆమె లేచి వెళ్లింది.

"బొట్టేది? మా అన్న బతికే ఉన్నాడుగా?"

లోపల ఏడుపులన్నీ ఆగిపోయాయి. ఆమె చెయ్యి ద్వారబంధం వైపు కదిలితే అతను అడ్డం నిలబడ్డాడు. "ఏమయ్యా పాస్టరూ, మా ఇంటి ఆడోళ్ల మీద కథలల్లుతున్నావా?"

"రాసింది నేను. ఆమె తప్పేం లేదు," అన్నాడు నాన్న.

నేను హార్మోనియం పెట్టె వెనక ఉన్నాను. నోరు తెరవలేదు.

కోటమ్మగారు బోసి నుదుటితో కళ్లాల మధ్య నుంచి నడిచి వెళ్లింది. ఆ వారమే బొల్లాపల్లి అవతల పుట్టింట్లో దిగబెట్టి వచ్చారు. ఆరేళ్ల పెద్దకొడుకుని మాత్రం ఇక్కడే ఉంచుకున్నారు. ఆమెని మళ్లీ తీసుకురాలేదు. ఆమె అక్కడే పోయింది.

సంఘపెద్దలు నాన్నని పంపించేశారు. నరసరావుపేటలో అద్దె గదిలో కూర్చుని ఆయన నవలలు రాశాడు, పేరొచ్చింది. బస్టాండు కొట్లో పల్లీ పొట్లాల పక్కన ఆయన పుస్తకాలు వేలాడేవి, ఆడవాళ్లు ఇల్లు వెతుక్కుంటూ వచ్చి సంతకాలు పెట్టించుకునేవాళ్లు. బొట్టు కథ ఎత్తితే మాత్రం లేచి లోపలికి వెళ్లిపోయేవాడు. నాకు మళ్లీ సాపు ఇవ్వలేదు. ఆ కోడిగెలుకుడే అచ్చుకి పంపేవాడు. నన్ను ఒక్క మాటా అనకుండానే పోయాడు.

చర్చి కూల్చిన రోజు వెళ్లి చూస్తే కళ్లాలు లేవు, ప్లాట్ల రాళ్లు పాతి ఉన్నాయి. చాపలు, హార్మోనియం ఏనాడో పోయాయట. జుట్టు పలచబడ్డ మనిషొకడు బండి ఆపి దిగాడు. కోటమ్మగారి పెద్దకొడుకు.

"అక్కా, మా అమ్మ బొట్టు ఏడ పెట్టేది?"

చూపించాను. ఆ చోటు వేలితో తడిమాడు.

"ఆ కథ చానా సార్లు చదివానక్కా. మీ నాయన ఆ బొట్టు ముక్కొక్కటి రాయకుండా ఉంటే, మా అమ్మ నా కాడే ఉండేది."

ఆ రోజూ నేను నోరు తెరవలేదు. చెక్కని ఆటోలో వేయించుకుని వచ్చేశాను.

తమ్ముడూ, ఆ ముక్క మా నాయన రాయలేదు.