ముందే చెప్పిన సాక్ష్యం

బాప్తిస్మం నాడు పాస్టరు అయ్యగారు పెట్టిన పేరు రూతమ్మ. కానీ బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లలో ఆ పేరు ఎవరి నోటా పలకలేదు. అందరికీ ఆవిడ అప్పలనర్సమ్మే. భర్త పోయాక ప్రభువును నమ్ముకుంది. అలాంటిలాంటి నమ్మకం కాదు, ఏ సంగతైనా దేవుడి చెవిన వేస్తే అయిపోయినట్టే ఆవిడకు. కొడుకు శివాజీ రైల్వే షెడ్డులో పనిచేస్తూ ఇల్లు నడిపేవాడు. వాడే ఆవిడ లోకం.

ఆ శివాజీకి టీబీ వచ్చింది. ఆరు నెలలు మానకుండా మందులు మింగాలన్నాడు డాక్టరు. రెండు నెలలకే దగ్గు తగ్గింది, ముఖాన కళ వచ్చింది. ఇక ఆవిడ ఆగుతుందా? వాళ్ళ తెలుగు చర్చిలో ఆరాధన చివర, దేవుడు తమకు చేసిన మేలును లేచి నిలబడి అందరికీ చెబుతారు. దాన్నే సాక్ష్యం అంటారు. నమ్మకం గట్టిదని చూపించడానికి, మేలు పూర్తిగా జరక్కముందే చెప్పేసేవాళ్ళూ ఉన్నారు.

అప్పలనర్సమ్మ కొంగు తలమీదికి లాక్కుని లేచింది. "నా కొడుకుని ప్రభువు ముట్టినాడు. జబ్బు ఒగ్గీసి పారిపోనాది!" అంది. చర్చంతా స్తోత్రం అంటూ చప్పట్లు కొట్టింది.

మర్నాడు బిళ్ళ చేతికిస్తే శివాజీ తీసుకోలేదు.

"అందరి ముందూ బాగైపోయిందని చెప్పేసినావు కదమ్మా. ఇంకా గోలీలు మింగితే నీ మాట ఝూట్ అయిపోదా?"

ఆవిడ కాస్త తటపటాయించింది. "అదీ నిజమేరా," అని బిళ్ళను మళ్ళీ డబ్బాలో వేసేసింది. ఎంత పిచ్చి పని! దేవుడి పరువు తానే కాపాడాలనుకుంది ఆ వెర్రితల్లి.

జబ్బు తిరిగొచ్చింది. ఈసారి మందులకు లొంగలేదు. వానలు వెనకపట్టకముందే శివాజీ తల్లి చేతుల్లో పోయాడు.

కొడుకును మట్టిచేసిన తర్వాతి ఆదివారం ఆవిడ చర్చికి వస్తుందని ఎవరూ అనుకోలేదు. వచ్చింది. సాక్ష్యాల వేళ లేచి నిలబడింది.

"ఆ రోజు నాను సెప్పింది సాచ్చెం కాదయ్యా, నా ఆశ. ప్రభువు మందూ ఇచ్చినాడు, డాక్టర్నీ ఇచ్చినాడు. నానే నా కొడుకు సేతిలోంచి లాగేసినాను."

ఎవరూ స్తోత్రం అనలేదు. ఆవిడ బెంచీ పట్టుకుని కూలబడి ఏడ్చింది.

దేవుడి మీద కోపం రాలేదా అంటే, వచ్చింది. ప్రార్థనలో ఆయన్ని తిట్టిపోసింది కూడా. కానీ వదల్లేదు. వదిలేస్తే ఇక ఆవిడకు మాట్లాడుకోవడానికి ఎవరున్నారు?

కొన్నాళ్ళకు అదే చర్చికి వచ్చే ప్రసూనకు టీబీ అని తెలిసింది. కాలేజీ చదువుతున్న పిల్ల. తెల్లారేసరికి అప్పలనర్సమ్మ గంజి గిన్నెతో వాళ్ళ గుమ్మంలో ఉంది.

"నోరు తెరు గుంటా. ముందు బిళ్ళ మింగు, అప్పుడు ప్రార్థన సేద్దుం."

"ఔర్ కిత్‌నా దిన్, ఇంకెన్నాళ్ళు మామ్మా? నాకు ఠీక్ అయిపోయింది," అని రెండు నెలలకే గునిసింది ప్రసూన.

"డాక్టరు సాలన్న దాకా. ఠీకయిందో నేదో నీకూ తెల్దు, నాకూ తెల్దు."

హిందీ బడిలో చదివిన ఆ పిల్లకు తెలుగు చదవడం రాదు. రోజూ బిళ్ళ మింగించాక ఆవిడ ఒక్కొక్క కీర్తనా నోటితో నేర్పేది. ప్రసూన మాటలు తప్పు పలికితే పగలబడి నవ్వేది. శివాజీ పోయాక ఆవిడ నవ్వు మళ్ళీ వినబడింది ఆ ఇంట్లోనే.

డాక్టరు జబ్బు పూర్తిగా నయమైందన్న వారం ప్రసూన చర్చిలో లేచి నిలబడింది. "ప్రభువు నా కోసం మామ్మను పంపినాడు," అంది. అందరితోపాటు అప్పలనర్సమ్మా చప్పట్లు కొట్టింది. అది ఆనందమే, అందులో అబద్ధం లేదు. ప్రభువు తనకొక పని అప్పజెప్పాడని, అది చేయగలిగానని గుండె నిండిపోయింది.

ఆ నిండిన గుండెతోనే ఇంటికి వచ్చి, తలుపేసుకుని, మోకాళ్ళ మీద కూలిపోయింది.

"ఇంతేనా తండ్రీ? ఇలాగ బెదిరించి మింగించుంటే నా శివాజీ బతికుండేవోడా? ఇంతేనా?"