చెల్లసామి రాయని కారణం

చెల్లసామికి ఒకటే జబ్బు. ఎవరేమి అడిగినా "ఎవురికి? ఏమి? ఏంటికి?" అని మూడు ప్రశ్నలూ వేయనిదే కదిలేవాడు కాదు. ఆఫీసులో ఫ్యాన్ వేయమన్నా అంతే.

"ఎవురికి?"

"నాకేరా!"

"ఏంటికి?"

"చెమట కారతా ఉండాది!"

"అట్ల చెప్పల్ల" అని అప్పుడు స్విచ్ నొక్కేవాడు.

2007లో విరుదునగర్‌లో ఓ చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో అతనిదీ నాదీ ఒకే ఉద్యోగం. కొనేవాళ్ళకు ఏం కావాలో కనుక్కుని, ప్రోగ్రాం రాసేవాళ్ళకు చెప్పడం. నేను నలభై పేజీలు రాసేవాణ్ని. అతను అరచేతంత అట్టమీద ఒక్క వాక్యం రాసేవాడు: ఫలానావారికి ఫలానాది కావాలి, ఫలానా కారణంగా. మా వృత్తిలో యూజర్ స్టోరీ అంటే అదే. కానీ వాడే మనిషిని ఉత్త 'యూజర్' అని రాస్తే ఒప్పుకునేవాడు కాదు.

"యూజర్‌కి అమ్మా నాయినా ఉండారా? మనిషి పేరు రాయి!"

నా పేజీలు చూస్తే మా మేనేజర్ కలైసెల్వికి ఆవలింతలు. అతని అట్టలు చూస్తే చిరునవ్వులు. నాకు ఒళ్ళు మండేది. కోవిల్‌పట్టి అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ పనికి మా ఇద్దరిలో ఒకరిని పెద్దను చేస్తారని తెలిశాక నిద్ర కూడా పట్టలేదు.

అప్పుడు దొరికింది అతని అట్ట ఒకటి. 'గేటు దాటే అగ్గిపెట్టెల కట్టలను సరిచూసే సుబ్బమ్మాళ్‌కి, ప్రతి కట్ట అంకెనూ కంప్యూటరే పైకి చదివి వినిపించాలి.' అంతే. కారణం ఖాళీ!

పరుగున కలైసెల్వి దగ్గరికి వెళ్ళాను. "మేడం, ఏంటికో రాయలేదు!"

ఆమె చెల్లసామిని పిలిచి అడిగింది. జీవితంలో మొదటిసారి అతను "ఏంటికని మాత్రం అడగొద్దు మేడం" అన్నాడు. "నువ్వే వెళ్ళి కనుక్కురా, కుమారవేల్" అంది నాతో.

ఎగురుకుంటూ కోవిల్‌పట్టి బస్సెక్కాను.

గేటు దగ్గర సుబ్బమ్మాళ్ గొంతు తగ్గించింది. "కండ్లు సరిగా అగపడవు నాయినా. ఓనరుకు తెలిస్తే ఇంటికి పంపతాడు. ఆ చెల్లసామి ఒగడే కనిపెట్నాడు."

ఆ అట్టలన్నీ చివరికి ఓనరే చదువుతాడు. అందుకే ఖాళీ! అదే గేటుకు నేను మూడుసార్లు వచ్చాను. ఆమె కళ్ళు నాకు కనిపించనే లేదు. ఈసారి అసూయ మరీ లోతుగా గుచ్చుకుంది.

కాసేపు అక్కడే నిలబడి చూసి, అట్టమీద రాశాను: 'ఎందుకంటే ఆమె రెండు చేతులూ కట్టల మీదే ఉంటాయి, తెర చూసే తీరిక ఉండదు.'

ఆఫీసుకు తిరిగొచ్చాక చెల్లసామి అది చదివాడు. "అబద్ధమా?"

"కాదు. చూసే రాసినా."

"బలే రాసినావురా!"

పెద్దరికం అతనికే వచ్చింది. కంప్యూటర్‌లో అంకెలు వినిపించడానికి మనిషి గొంతు కావాల్సొస్తే మాత్రం నన్ను కూర్చోబెట్టి నాచేత చదివించి రికార్డు చేశాడు. నెల తర్వాత ఇద్దరం ఫ్యాక్టరీకి వెళ్ళాం. సుబ్బమ్మాళ్ అతన్ని పలకరించడం కూడా మరచి, నా మాట వినగానే గుర్తుపట్టి నా చేయి పట్టుకుంది.

"ఏం గొంతు నాయినా! పొద్దంతా ఇనాలని ఉంటాది!"

చెల్లసామి మొహం కొంచెం మాడింది. మాడిందనే నా నమ్మకం.