ఇన్నయ్య మాస్టారు ఆపిన పద్యం

పెద్ద గురువారం పూజ నుంచి ఈస్టరు దాకా, యేసు మరణానికి సంతాపంగా, మా బాపట్ల గుడిలో గంటలు మోగవు. వాటికి బదులు రెండు చెక్క పలకలు టకటకమని కొడతారు. ఈ ఏడు ఆ పొడి చప్పుడు చెవిన పడగానే ఇన్నయ్య మాస్టారు కళ్ళముందుకొచ్చారు. ఆయనను ఎరగనివాళ్ళ కోసం ఈ నాలుగు మాటలు.

నేను పుట్టి పెరిగింది రేపల్లె దగ్గర పల్లెటూరు. పోలియోతో కాళ్ళు పడిపోయి నేను బడి గడప తొక్కలేదు. మాస్టారు మా ఊరి ఉపదేశి. ఫాదర్ గారు రాని రోజుల్లో ప్రార్థన నడిపించేవారు, పిల్లలకు జ్ఞానోపదేశం, అంటే మత పాఠాలు, చెప్పేవారు. రోజూ మధ్యాహ్నం మా అరుగు మీద కూర్చుని నాకు చదువు చెప్పేవారు. నాకొచ్చిన ప్రతి అక్షరమూ, ప్రతి జపమూ ఆయన పెట్టిన భిక్షే. ఊరికి మాత్రం ఆయన పద్యాల మాస్టారు. ఏటా యేసు సిలువ మీద చనిపోయిన పెద్ద శుక్రవారం సాయంత్రం గుడి ముందు ఆయన శ్రమల నాటకం వేసేవాళ్ళం. నన్నూ ఎత్తుకెళ్ళి ముందు చాప మీద కూర్చోబెట్టేవారు. గడ్డాలూ కిరీటాలూ తెనాలి నుంచి అద్దెకొచ్చేవి. చివర్లో సిలువ కింద నిలబడి మాస్టారు తాను రాసిన పద్యం ఎత్తుకునేవారు. యేసును చంపారని యూదజాతి మొత్తాన్ని, పుట్టబోయే బిడ్డలతో సహా, శపించే పద్యమది. జనం కళ్ళు తుడుచుకుంటూనే వన్స్‌మోర్ అని కేకలు పెట్టేవారు. మా ఊళ్ళో యూదుణ్ణి చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. అయినా గోళీలాటలో తగువొస్తే పిల్లలు ఒకరినొకరు ‘యూదుడా’ అని తిట్టుకునేవారు.

నాకు పదమూడేళ్ళప్పుడు చరిత్ర పాఠం రెండో ప్రపంచ యుద్ధం దగ్గరకు వచ్చింది. మాస్టారు ఫాదర్ గారి బీరువాలోంచి లావుపాటి ఇంగ్లీషు పుస్తకం తెచ్చి, రోజుకు కొంత చదివి తెలుగులో చెప్పేవారు. జర్మనీ పాలకులు యూదులను చంపడానికి రైలు పెట్టెల్లో కుక్కి తీసుకెళ్ళడం, పసిపిల్లలను కూడా వదలకపోవడం అన్నీ చెప్పారు. తర్వాతి అధ్యాయం యుద్ధం ముగిశాక అక్కడి మన కథోలిక పెద్దల గురించి. తమ ప్రజలు చూస్తూ ఊరుకున్నారని, తామూ నోరు విప్పలేదని కొందరు ఒప్పుకున్నారు. చాలామంది మాత్రం మేమూ బాధలు పడ్డామని చెప్పి ఆ సంగతి దాటేశారు.

“ఆ పెద్దలు మేం చంపలేదన్నారు. అది నిజమేనమ్మా,” అన్నారు మాస్టారు. “కానీ యూదుల్ని అసహ్యించుకోవడం జనానికి నేర్పిందెవరు? ఆ ప్రశ్న దగ్గరకి చాలామంది రాలేదు.”

నేను అమాయకంగానే అడిగాను. “మరి మన పద్యం కూడా అదే నేర్పుతుంది కదండీ?”

ఆయన పుస్తకం మూసి లేచి వెళ్ళిపోయారు. రెండు రోజులు పాఠానికి రాలేదు. ఎంత మాట అనేశానోనని ఏడ్చాను.

మూడో రోజు, పూజకు వెళ్ళలేని నాకు ఇంటి దగ్గరే సత్ప్రసాదపు అప్పం ఇవ్వడానికి ఫాదర్ గారు వస్తే, వెనకే మాస్టారూ వచ్చారు. ఇక ఆ పద్యం పాడనని చెప్పారు. ఫాదర్ గారు సంతోషించి, “మంచిది మాస్టారూ. టైము చాలలేదని తీసేద్దాం. ఎవరూ నొచ్చుకోరు,” అన్నారు.

“ఆ పెద్దలు చేసిందీ అదే కదండీ ఫాదర్. ఎవరూ నొచ్చుకోకుండా చూసుకున్నారు,” అన్నారు మాస్టారు.

పెద్ద శుక్రవారం రానే వచ్చింది. సిలువ కింద మాస్టారు నిలబడ్డారు, హార్మోనియం శ్రుతి పట్టింది. ఆయన నోరు తెరవలేదు. “ముసలాయన పద్యం మర్చిపోయాడ్రోయ్!” అని వెనకనుంచి ఎవరో అరిచారు. నవ్వులు.

“మర్చిపోలేదయ్యా. రాసింది నేను, పాడింది నేను, మీ చేత చప్పట్లు కొట్టించుకుందీ నేనే. అది తప్పు. యేసు యూదుడు, ఆయన తల్లి యూదురాలు. వాళ్ళ బిడ్డల్ని శపించమని నాకెవరు చెప్పారు? దేవుణ్ణి క్షమాపణ అడిగాను. మిమ్మల్నీ అడుగుతున్నాను.”

యేసుకు సిలువ శిక్ష వేసిన అధికారి పిలాతు వేషంలో ఉన్న మా శౌరయ్య బాబాయి కిరీటం సర్దుకుంటూ ముందుకొచ్చాడు. “ఎక్కడో జర్మనీలో జరిగినదానికి మనకేంటి మాస్టారూ సంబంధం? మనమేమన్నా వెళ్ళి చంపొచ్చామా?”

“లేదు శౌరయ్యా. కానీ వాళ్ళకీ ఎవరో ఏడాదికోసారి ఇలాంటిది వినిపించే ఉంటారు. నాకంటే మంచి గొంతుతో.”

బాబాయి కిరీటం తీసేసి పక్కకు తప్పుకున్నాడు. ఆ సాయంత్రం చప్పట్లు లేవు. మరుసటేడు నాటకానికి మాస్టారును పిలవలేదు. ఆయన వచ్చి నా చాప మీద, నా పక్కనే కూర్చున్నారు. పద్యాల మాస్టారు అనే పిలుపూ మెల్లగా పోయింది. ఆ పద్యాన్ని మాత్రం మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. చప్పట్లు మోగిన రోజుల్లో కన్నా, చాప మీద కూర్చున్న ఆ మనిషి నాకు ఎత్తుగా కనిపించారు. ఆయన శిష్యురాలినని చెప్పుకోవడం నాకు ఇప్పటికీ గర్వమే. అటువంటి గురువును మా అరుగు దాకా నడిపించుకొచ్చిన దేవునికి రోజూ స్తోత్రం చెప్పుకుంటాను.

ఇప్పుడు ఆదివారాలు నేనే పిల్లలకు జ్ఞానోపదేశం చెబుతున్నాను. ఏటా ఎవరో ఒకరు అడుగుతారు, యేసును చంపిందెవరని. జవాబుకు ముందు, మా ఊళ్ళో ఒక జాతినంతా తిట్టేవాళ్ళమని చెబుతాను. మొన్న ఓ చిన్నది కళ్ళు పెద్దవి చేసింది.

“మీరు కూడానా టీచర్?”

“నేను కూడానమ్మా. అందరికంటే గట్టిగా వన్స్‌మోర్ అని అరిచింది నేనే.”