లంగరు మోటారు కోసం మూడో ప్రయాణం

రెండు నెలల్లో ఒకే మోటారు కోసం మూడోసారి కృష్ణపట్నం బయల్దేరాను. శనివారం ఉదయం ఆరుంబావుకు కోవూరులో నెల్లూరు బస్సు కోసం నిలబడితే, భుజాన పానాల సంచి మోయలేనంత బరువుగా తోచింది. నా పని పొలం మోటార్లకు వైండింగ్ కట్టడం. పడవల సంగతి నాకు తెలియదని పోలయ్యకు మొదటి రోజే చెప్పాను. అయినా వదలలేదు.

పోలయ్య కృష్ణపట్నం దగ్గర ఏటి ఒడ్డు పాళెంలో చేపలు పట్టి బతికే మనిషి. నిరుడు వానల్లో పడవ మీద జారిపడ్డాడు. అప్పటినుంచి కుడి చెయ్యి ఉందంటే ఉంది, బరువు లాగదు. అందుకని ఉన్న పడవ అమ్మేసి, లంగరును కరెంటుతో పైకి లాగే మోటారున్న పాత బోటు ఒకటి కొన్నాడు. కాలితో స్విచ్ తొక్కితే చాలు, లంగరు దానంతటదే పైకి రావాలి. ఈయన బోటులో ఒక రోజు వస్తుంది, ఇంకో రోజు ఎంత తొక్కినా పలకదు. పోయిన వారం సముద్రంలో గాలి లేచినప్పుడు అది మొరాయిస్తే, తాడు కోసేసి లంగరును నీళ్ళలోనే వదిలి వచ్చాడు. గురువారం ఫోను చేసి, "ఇదే ఆఖరన్నా. ఈసారీ కాకుంటే సోమవారం కంపెనీ గేటు కాడ వాచ్‌మన్‌గా చేరిపోతా. రమ్మన్నారు" అన్నాడు. పన్నెండేళ్ళప్పుడు సముద్రం ఎక్కిన మనిషి ఆ మాట అంటే, రానని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

బస్సులో మా ఊరి రైతు ఒకాయన పక్కన కూర్చున్నాడు. ఆయన మోటారు పది రోజులుగా నా కొట్లో విప్పేసి ఉంది.

"నువ్వు సముద్రానికి పోతావుంటే నా మడికి నీళ్ళెవరు పెడతారబ్బా?" అన్నాడు.

రేపు ఇస్తానన్నాను.

"మొన్న గూడా రేపే అంటివి" అని కిటికీ వైపు తిరిగాడు.

నెల్లూరు బస్టాండులో రెండు ఇడ్లీలు తిని, టీ తాగి, ఏడుంబావుకు కృష్ణపట్నం బస్సెక్కాను. ఈ దారిన వెళ్ళేవారు పొద్దుటి పూట కుడి వైపు కూర్చోండి, ఎండ తక్కువ. ముత్తుకూరు చేరకముందే, ఒళ్ళో హెల్మెట్ పెట్టుకున్న పోర్టు కుర్రవాడు నా భుజం మీద తల వాల్చి నిద్రపోయాడు. కుదుపుకు లేచి, "డ్యూటీ దిగి మళ్ళా డ్యూటీకే పోతుండా, ఏమనుకోమాకండి" అన్నాడు. నేనేమీ అనుకోలేదు. ఎవరైనా భుజమిస్తే నేనూ పడుకునేవాణ్ణే.

తొమ్మిది గంటలకు బస్సు దిగి, షేర్ ఆటోలో కొంత దూరం, ఉప్పు చెమ్మ పట్టిన కట్ట మీద నడిచి కొంత దూరం వెళ్ళాను. ఏటికి అవతల కరెంటు ప్లాంటు పొగగొట్టాలు కనిపిస్తుంటాయి కాబట్టి దారి తప్పే భయం లేదు.

పోలయ్య బోటులోనే కూర్చుని ఉన్నాడు. బ్యాటరీ చూశాను, బాగుంది. వైర్లు నేరుగా కలిపితే మోటారు తిరిగింది. అంటే తప్పు మధ్యలో ఎక్కడో ఉంది. మొదటిసారి వచ్చినప్పుడు వైర్ల కొసలు గీకి పోయాను. రెండోసారి మోటారుకు కరెంటు అందించే డబ్బా మార్చాను. మోటారు కిందనే ఉన్న కాలి స్విచ్ మాత్రం విప్పలేదు. స్క్రూలు తుప్పు పట్టి ఉన్నాయి, నాకు ఇంటికి పోవాలనిపించింది. ఉన్న మాట చెప్పాలంటే అంతే. ఈసారి కిరసనాయిలు పోసి, గంటసేపు తంటాలు పడి మూత ఊడదీశాను.

లోపల చీమలున్నాయి. నల్లచీమలు, గుంపుగా. రాగి పలకల మీద పచ్చగా చిలుము, దానిమీద జిగట, ఆ జిగటలో రెండు పీచు పోగులు. ఉప్పునీళ్ళకు చీమలు రావు. వేలితో తీసి వాసన చూశాను. పులిసిన కొబ్బరినీళ్ళు.

"పోలయ్యా, దీని మీద కొబ్బరినీళ్ళు ఎవరు పోశారు?"

అతను ఒడ్డు వైపు చూశాడు. అప్పుడే అతని భార్య సంపూర్ణ మజ్జిగ చెంబు పట్టుకుని వచ్చింది. ఇంకో చేతిలో టెంకాయ.

"పొయ్యడమేందన్నా, కాయ కొట్టేది" అంది. "బోటు కదిలే ప్రతిసారీ ఆ లంగరు మోటారు నెత్తినే కొడతా. ఈయన చెయ్యి చేసే పని అది జేస్తుండాదే, దానికి మొక్కకుండా ఎట్టా? ఆగిపోయినాక రెండు కొట్టినా. లంగరు పోయినాక మూడు."

చివరి మాటకు ఆమె గొంతు తగ్గింది. నా చేతిలోని మూతకేసి చూసింది.

"అంటే చెడగొట్టింది నేనేనా అన్నా?"

ఉప్పుగాలి అని చెప్పి తప్పుకుందామనుకున్నాను. అలా చెబితే వారం తిరక్కుండా నాలుగో ప్రయాణం. పైగా మరో సంగతి గుర్తుకొచ్చింది. రెండుసార్లూ పని అయ్యాక ఆమె టెంకాయ నా చేతికే ఇచ్చింది. గర్వంగా ఆ మోటారు మీదే కొట్టాను. చిప్ప బస్సులో తింటూ పోయాను. నాకు సిగ్గేసింది.

"రెండు కాయలు నేనూ కొట్టానమ్మా" అన్నాను. "నీళ్ళు ఎటు పోతాయో చూడాల్సింది ముప్ఫై ఏళ్ళుగా మోటార్లు విప్పేవాడు. నువ్వు కాదు."

పోలయ్య నవ్వాడు. "ఇద్దరూ కలిసి నన్ను గేటు కాడ నిలబెట్టబోయినారే" అన్నాడు. సంపూర్ణ నవ్వలేదు.

స్విచ్ పెట్రోలుతో కడిగి, గరుకు కాగితంతో రుద్ది, పగిలిన రబ్బరు మూత బదులు సైకిల్ ట్యూబు ముక్క కట్టి, చుట్టూ గ్రీసు పట్టించేసరికి ఒంటిగంట అయింది. వాళ్ళింట్లో ఉడుకన్నం, చేపల పులుసు. సంపూర్ణ వడ్డించింది. రెండున్నరకు ఏట్లో అరువు లంగరు వేసి చూశాం. పోలయ్య ఐదుసార్లు తొక్కాడు, ఐదుసార్లూ పైకి వచ్చింది. ఆఖరుసారి అతను లంగరును చూడనే లేదు, తన కాలినే చూసుకున్నాడు.

"ఇంక కాయ ఎక్కడ కొట్టాలన్నా?" అని సంపూర్ణ అడిగింది.

ఒడ్డున బోటు కట్టే గుంజ దగ్గర కొట్టమన్నాను. ఆమెకు నచ్చలేదు. టెంకాయ కొంగులో చుట్టుకుని ఇంటికి పోయింది.

నాలుగున్నర బస్సులో సీటు దొరికింది గానీ నిద్ర పట్టలేదు, ఒళ్ళంతా నొప్పులు. నా దగ్గరికి వచ్చేవాళ్ళు మోటారు పాడైందనే చెబుతారు, ఆ మోటారును తాము ఎలా చూసుకుంటున్నారో చెప్పరు. నేనూ అడగను. ఇన్నేళ్ళలో ఎంతమంది ఇళ్ళకు రెండోసారి, మూడోసారి తిరిగానో తలుచుకుంటే ఇంకా అలసటగా అనిపించింది.

నెల్లూరులో బస్సు మారి, ఆరున్నరకు పెన్న బ్రిడ్జి మీద ఉండగా ఫోను మోగింది. సంపూర్ణ.

"అన్నా, పసుపు రాయొచ్చా?"

కాయ బదులు మోటారుకు రాస్తానంటోందని ఒక క్షణం ఆగి గానీ అర్థం కాలేదు. "పొడి పసుపైతే రాయమ్మా. తడి తగలనీయొద్దు."

"కుంకుమ?"

"అదీ పొడిదే."

"ఇందాకే రాసినాలే. తప్పేమోనని అడిగినా" అంది. వెనక సముద్రం హోరు వినిపిస్తోంది. సోమవారం సంగతి ఏమైందని అడిగాను.

"ఆ గేటాయనకు ఫోను చేసి రానని చెప్పేసినాడన్నా. చెప్పినాకే లంగరెత్తినాడు."