కేకు పెట్టెలో దొరికిన పేజీ

నాకు రోత అంత సులువుగా పుట్టదు. కడుపు, పేగుల డాక్టరుగా పనిచేసి రిటైరైనదాన్ని. జనం మొహం తిప్పుకునేవన్నీ నా రోజువారీ పని. పేషెంటు సిగ్గుతో మాట రాక నలిగిపోతుంటే, "ఎన్నిసార్లు వెళ్తున్నారు, రక్తం పడుతోందా" అని నేనే అడిగేసి, ఆ తర్వాత లంచ్ డబ్బా తెరిచి శుభ్రంగా పప్పన్నం తినేదాన్ని. అలాంటి నాకు రోత పుట్టించింది ఒక పుట్టినరోజు కేకు.

అమెరికాలో మేముండే పార్సిప్పనీ ఊళ్లో, మా ఎదురింటి పెద్దావిడది ఆ పుట్టినరోజు. తొంభై దాటిన యూదు మనిషి. యుద్ధకాలంలో నాజీలు ఆమెనూ ఆమె చెల్లెలినీ క్యాంపుకి పట్టుకుపోయారు. ఆమె బతికి బయటపడింది, చెల్లెలు అక్కడే పోయింది. ఆ సంగతంతా ఆవిడ ఏళ్ల తరబడి వంటింటి బల్ల దగ్గర కూర్చుని, గీతల పసుపు కాగితాల మీద నీలం పెన్నుతో రాసుకుంటూ వచ్చింది. ఎక్కడైనా మాట తట్టకపోతే రోడ్డు దాటి నా దగ్గరికొచ్చేది.

ఒకరోజు చెల్లెలి పేజీ తెచ్చింది. ఆ పిల్లకి ఒళ్లంతా పేలు, పైగా విరేచనాలు పట్టుకున్నాయి. లేచే ఓపిక లేక ఇద్దరూ పడుకునే చెక్కబల్ల మీదే అయిపోయేది. నీళ్లుండేవి కావు. అక్క బయటి నుంచి మంచు తెచ్చి, తన తలగుడ్డతో తుడిచేది. అలా తుడుస్తుండగానే పిల్ల ప్రాణం పోయింది. ఇవన్నీ ఉన్నదున్నట్టు రాసింది.

"ఇక్కడ మీ డాక్టర్ల మాట ఏదైనా పెట్టాలా?" అని అడిగింది.

"ఏం అక్కర్లేదండీ. మీరు రాసిందే సరిగ్గా ఉంది," అన్నాను.

"దానికి సమాధి లేదు. ఎక్కడ పడేశారో కూడా తెలీదు. ఈ కాగితం ఒక్కటే ఉంది," అంటూ దాన్ని మళ్లీ ఫైల్లో పెట్టుకుంది.

ఇలా బతికి బయటపడ్డవాళ్ల కాగితాలను భద్రపరిచే ఆర్కైవ్ ఒకటి, ఆవిడ చేత్తో రాసిన ప్రతులే కావాలని అడిగింది. పుట్టినరోజు అయిన వారంలోనే వాళ్ల మనిషి వచ్చి తీసుకెళ్లేలా మాట్లాడుకున్నారు. "అవి వాళ్ల చేతిలో పెట్టేదాకా నేను పోను," అని ఆవిడ నాతో అనేది.

ఈలోగా ఆవిడ కొడుక్కి తల్లిని సర్‌ప్రైజ్ చేయాలనిపించింది. ఆయనకీ అరవై దాటాయి. ఆ పేజీల్ని ఫోన్‌లో ఫొటోలు తీసి, ఏదో ఏఐకి అప్పగించి "పాలిష్" చేయించి, అంచులకి బంగారు రంగు పూసిన పుస్తకం అచ్చేయించాడు. అట్ట మీద క్యాంపు ముళ్లకంచె, కంచె మీద సీతాకోకచిలుక. కేకు మీద కూడా అదే బొమ్మ, ముళ్లతీగ మాత్రం చాక్లెట్‌తో. ఆ చాక్లెట్ పెట్టె మూతకి కూడా అంటిందని, అందం చెడిందని ఆయన బేకరీవాళ్లని తిట్టుకుంటున్నాడు. ఇంతలో చుట్టాల్లో ఒకావిడ తీగలోంచి ఒక ముల్లు వేలితో గీకి నాకి, "సో గుడ్" అంది. ఛీ! నా చేతిలో ప్లేటు అక్కడే పెట్టేశాను.

నాకూ ఒక పుస్తకం ఇచ్చారు. తిరగేసి చెల్లెలి సంగతి వెతికాను. "నా చెల్లెలు నా చేతుల్లో ప్రశాంతంగా కన్నుమూసింది. ఆమె చిరునవ్వు నాకు నేటికీ స్ఫూర్తి," అని ఉంది. పేలన్నీ కలిసి "పారిశుద్ధ్య లోపం" అయ్యాయి. మలం లేదు, మంచు లేదు, తలగుడ్డ లేదు. ప్రశాంతంగానట, వీళ్ల మొహం! విరేచనాలతో పోయేవాళ్లని నేను దగ్గరుండి చూశాను. అందులో ప్రశాంతం ఏముందో ఆ కంప్యూటర్‌నే అడగాలి. నాకు ఒళ్లు మండిపోయింది.

పెద్దావిడ కళ్లద్దాలు పెట్టుకుని అదే పేజీ చదివింది. పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకుంది.

"నా కాగితాలేవి?" అంది.

"బూజు పట్టి కంపు కొడుతున్నాయమ్మా. అన్నీ ఇందులో ఉన్నాయి కదా. పొద్దున రీసైక్లింగ్ డబ్బాలో వేసేశాను," అన్నాడు కొడుకు, కేకు కోస్తూనే.

ఆవిడ కుర్చీ చేతుల మీద బలం పెట్టి లేవబోయి, లేవలేక నా వైపు చూసింది. నేను పట్టుచీర కొంగు బొడ్లో దోపుకుని గరాజ్ పక్కనున్న ఆ డబ్బా దగ్గరికి నడిచాను.

ఆ డబ్బా గురించి ఏం చెప్పమంటారు. ఒంపకుండా పడేసిన సోడా టిన్నులు, నూనె కారుతున్న పిజ్జా పెట్టెలు, కరిగిన ఐస్‌క్రీం. భుజాల దాకా చేతులు పెట్టి వెతికాను. పసుపు కాగితాలు కట్టలుగా అతుక్కుని, కారుతూ దొరికాయి. చెల్లెలి పేజీ మాత్రం లేదు. ఇక లాభం లేదని డబ్బా మొత్తం డ్రైవ్‌వే మీద బోర్లించాను. లోపలి నుంచి అందరూ కిటికీల దగ్గరికి చేరారు. ఒకాయన ఫోనెత్తి వీడియో కూడా తీశాడు. బయటికొచ్చి ఒక చెయ్యి వేసినవాడు మాత్రం లేడు. ఆ పేజీ చివరికి కేకు తెచ్చిన పెట్టెలో దొరికింది, మూతకంటిన చాక్లెట్‌కి అతుక్కుని.

అన్నీ మా ఇంటికి మోసుకొచ్చాను. మావారు చూసి, "ఆరబెట్టి లామినేట్ చేయించేద్దాం, పర్మనెంట్‌గా ఉంటాయి," అన్నారు.

"ఇది మీ టెంత్ సర్టిఫికెట్ కాదు. అవతలికి జరగండి."

ఆర్కైవ్ అమ్మాయి పెద్దావిడకి ఇచ్చిన నంబరుకి ఫోన్ చేశాను. విడదీయొద్దు, ఆరబెట్టొద్దు, ఇస్త్రీ పెట్టె జోలికి అసలు వెళ్లొద్దు, ఉన్నవి ఉన్నట్టు సంచుల్లో పెట్టి ఫ్రీజర్‌లో పడేయండి, అలా అయితే ఇంకా పాడవకుండా ఆగుతాయి అంది. మా గరాజ్‌లోని పెద్ద ఫ్రీజర్ నిండా గోంగూర, మునక్కాడలు, రొయ్యలు. అన్నీ తీసి బయట పెట్టేశాను.

"రొయ్యలన్నా ఉంచవే," అన్నారు మావారు.

"ఉంచను."

మర్నాడు కొడుకు మా ఇంటికొచ్చాడు. క్షమించమని అడుగుతాడేమో అనుకున్నాను.

"మీరు డాక్టర్, మీకు అలవాటే. నా కూతుళ్లు ఆ పేజీ చదివితే వాంతి చేసుకుంటారు. మా అమ్మ కథ అందంగా ఉండాలని నేను కోరుకోకూడదా?" అన్నాడు.

"అందులో పోయింది మీ పిన్ని," అన్నాను. ఇంగ్లీషులో ఆంటీ అనే అనాల్సి వచ్చింది. ఈ వీధిలో పిల్లలు నన్ను పిలిచేదీ అదే మాట, దానితో ఏం తెలుస్తుంది ఆయనకి? "ఆవిడ ఒంటి మురికి మీకు రోత. చాక్లెట్ ముళ్లతీగ కోసుకుని తింటే మాత్రం రోత పుట్టలేదు. నాకు పుట్టింది. ఇంకా తగ్గలేదు."

ఆయన తల వంచుకుని వెళ్లిపోయాడు. దుర్మార్గుడేం కాదు, తల్లికి రోజూ మందులు తనే ఇస్తాడు. అందుకే నాకు ఇంకా మంట.

అనుకున్న రోజుకే ఆర్కైవ్ అమ్మాయి చల్లటి పెట్టె పట్టుకుని వచ్చింది. పెద్దావిడ వంటింటి బల్ల మీద నేను తెచ్చి పెట్టిన, సంచుల్లో బిగుసుకుపోయిన కాగితాల్ని ఆ అమ్మాయి ఒక్కొక్కటిగా చూసుకుంది. చాలావరకు బతుకుతాయని చెప్పింది. చెల్లెలి పేజీ దగ్గర ఆగింది. సిరా కొంచెం అలుక్కుపోయినా ప్రతి మాటా చదవడానికి వస్తోంది. మధ్యలో గోధుమరంగు మరక.

"ఇది చాక్లెటే కదా, మా ల్యాబ్‌లో చాలావరకు తీసేయొచ్చు. తీయమంటారా?" అని అడిగింది.

గుమ్మంలో నిలబడ్డ కొడుకు, ఈసారైనా పనికొచ్చే మాట అందామనుకున్నాడు కాబోలు, "తీయించమ్మా, శుభ్రంగా ఉంటుంది," అన్నాడు.

పెద్దావిడ ఆ సంచి మీద అరచెయ్యి ఆనించి, చేయి మొద్దుబారేదాకా అలాగే ఉంచింది.

"దాన్ని శుభ్రం చేయడం నా పని. అది నేను అప్పుడే, అక్కడే చేశాను," అంది.