బాపు కుడికాలు

ఛత్రినాకలో మా సందు మలుపు తిరగకముందే మా నాన్న, బాపు, వస్తున్నాడని నాకు తెలిసిపోయేది. ఒక అడుగు బరువుగా, ఒక అడుగు తేలిగ్గా పడేది. చిన్నప్పటి జ్వరంలో ఆయన కుడికాలు సన్నబడి పొట్టిదైంది. బస్తీ అందరికీ చెప్పులు కుట్టే మనిషి, తన కుడి చెప్పు కింద టైరు ముక్క అతికించుకుని తిరిగేవాడు. అది ఊడినప్పుడల్లా మోకాలు పట్టేసేది. చివరికి, ప్రాణంగా చూసుకునే నడక మానేశాడు. సాయంత్రం చార్మినార్ దాకా వెళ్లి, గాజుల దుకాణాల వెలుగులో ఒక చాయ్ తాగి రావడమే ఆ నడక. ఎలాగైనా ఆయన్ని మళ్లీ నడిపించాలనుకున్నాను.

అప్పటికి నాది కంప్యూటర్‌లో చెప్పుల నమూనాలు గీసే ఉద్యోగం. గీసింది గీసినట్టు రబ్బరు పలకను కోసే మెషిన్ ఆఫీసులో ఉండేది. దాని ముందు నిలబడితే కల కంటున్నట్టే ఉండేది. పొడి మెల్లగా రాలుతుంటే పలకలోంచి పాదం తేలి వచ్చేది. జిగురూ కుట్టూ లేని చెప్పు చేయాలని నా పిచ్చి. సోల్, పట్టీలు అన్నీ రంధ్రాల్లోకి దిగే బొడిపెలతో బిగుసుకుంటాయి. అరిగిన ముక్క పీకి కొత్తది పెట్టుకోవచ్చు. మొదటి జత బాపుకే.

కొలత తీస్తానంటే పాత పేపరు పరిచి, అలవాటుగా ఎడమకాలు ముందుకు పెట్టాడు. కుడికాలు లుంగీ చాటున ఉండిపోయింది. ఆఫీసులో ఆ ఎడమపాదాన్నే అద్దంలోలా తిప్పి కుడిది చేశాను. మేమందరం చేసేదదే. రెండో కాలు మళ్లీ గీసే ఓపిక ఎవరికుంటుంది?

తొడుక్కుని సందు చివరిదాకా వెళ్లి వచ్చాడు.

"మస్తున్నయ్ బిడ్డా! గిసుంటివి నేనెన్నడు కుట్టలే."

నేను గాల్లో తేలిపోయాను.

నెల తర్వాత ఇంటికి వెళితే బాపు లేడు. చార్మినార్ దాకా పోయాడని అమ్మ చెప్పింది. గుమ్మం పక్కన నేను చేసిన కుడి సోల్ ఒక్కటే పడి ఉంది, అరగకుండా, కొత్తదానిలా. దాన్ని చేతిలోకి తీసుకుంటుంటే సందులో అడుగుల చప్పుడు వినిపించింది. రెండూ సమానంగా పడుతున్నాయి. ఎవరో అనుకున్నాను.

బాపు! కుడి చెప్పు కింద మందపాటి టైరు సోల్. తన కత్తితో చెక్కి, నేను పెట్టిన బొడిపెలకు సరిపోయేలా రంధ్రాలు పెట్టుకున్నాడు.

"బాపూ, నేను తప్పు జేసిన. చెప్పకపోతివేంది?"

"తప్పేంది బిడ్డా? ఊడదీసి మార్చుకునేటట్టు నువ్వే చేస్తివి గదా. జిగురుకైతే ఊడుతుండె, గిది ఊడుతలేదు."

పుట్టినప్పటి నుంచి ఆ అడుగులు విన్నదాన్ని, ఆయనకు రెండు కాళ్లూ ఒకేలా గీశాను. కింద కూర్చుని పాత పేపరు పరిచాను.

ఈసారి బాపు కుడికాలు ముందుకు పెట్టాడు.