ఐబు ముందు చెప్పాలె

కొత్త రంగు వాసన నాకు పడదు. మా ఫ్లాటు పడకగదికి బ్రోకరు దగ్గరుండి మరీ రంగు వేయించినప్పటి నుంచి తల పగిలిపోతోంది. అది రంగు వల్లనో, ఆ రంగు ఎందుకు వేయించాడో తెలిసినందువల్లనో చెప్పలేను. వాన పడితే ఆ గదిలో ఒక గోడ పైనుంచి కిందదాకా తడుస్తుంది. ఎన్నిసార్లు బాగుచేయించినా అంతే. "మేడం, మార్కెట్ మొత్తం డౌనున్నది. వచ్చినోడు ఆ గోడ చూసిండంటే మల్ల రాడు. మీరు జర సప్పుడు చెయ్యకున్రి, నేను చూసుకుంట" అన్నాడు బ్రోకరు. 'నేను చూసుకుంట' అనేవాళ్ళను నమ్మొద్దని నాకు నేర్పిన మనిషి అప్పుడే గుర్తొచ్చింది.

ఆమె సుకుమారి టీచరమ్మ. కాజీపేటలో ఓ చిన్న ప్రైవేటు బడికి హెడ్మిస్ట్రెస్. నా మొదటి ఉద్యోగం ఆమె దగ్గరే, ఆఫీసు గుమాస్తాగా. పేరు సుకుమారి గానీ మనిషిలో ఆ సుకుమారం మచ్చుకైనా లేదు. అనుమానం పుట్టాక ఆమె పుట్టిందనేవారు మా టీచర్లు. పిల్లలైతే సీఐడీ మేడం అనేవారు. నేను చేరిన కొత్తలో ఆమెను మంచి చేసుకుందామని, "మేడం, చీర చాలా బాగుంది" అన్నాను. కళ్ళద్దాల పైనుంచి చూసి, "లీవు గావాల్నా బిడ్డా?" అంది. నిజంగానే లీవు కావాలి! సిగ్గుతో చచ్చిపోయాను. లీవు మాత్రం ఇచ్చింది.

ఈ గుణం ఆమెకు అంగడిలో అబ్బింది. రఘునాథపల్లి దగ్గరి రైతుబిడ్డ. వాళ్ళ నాయన ఎడ్లు కొనడానికీ అమ్మడానికీ పోతూ చిన్నప్పుడు ఈమెను వెంట తీసుకుపోయేవాడట. అక్కడ బేరం నోటితో ఆడరు. దళారి తువ్వాల కప్పి, దాని కింద అవతలివాడి వేళ్ళు పట్టుకుంటాడు. ఎన్ని వేళ్ళు పట్టాడో అదే ధర, పక్కనున్నవాడికి కూడా తెలియదు. "మా నాయినకు గసొంటి చాటు బేరం నచ్చకపోయేది. ఎద్దు పొడుస్తదా, మొండికేస్తదా, ఐబు ముందే చెప్పేటోడు. లోపం దాచి అమ్మితే అది మనింటికే తిరిగొస్తది అనేటోడు" అని ఓసారి మధ్యాహ్నం అన్నాల దగ్గర చెప్పింది. మరి ఎడ్లు అమ్ముడుపోయేవా అని అడిగాను. "సగం సార్లు మల్ల ఇంటికే తోలుకొచ్చేటోళ్ళం" అని నవ్వింది.

ఆ మాట నిజమేనని బడి వ్యాను అమ్మేటప్పుడు చూశాను. కరస్పాండెంటు సారు ఎవరినో వెతికి పట్టుకొచ్చాడు. ఆ మనిషి వ్యాను చుట్టూ తిరిగి, బాగుందన్నాడు. టీచరమ్మ ఊరుకోలేదు.

"ఏం నడుపుతవయ్యా దీంట్ల?"

"స్కూలు పిల్లలనే మేడం."

"అయితే విను. బ్రేకులు సక్కగ పడ్తలెవ్వు. బాగుచేయించినంకనే పిల్లలను ఎక్కించు."

ఆయన దండం పెట్టి వెళ్ళిపోయాడు. కరస్పాండెంటు సారు ముఖం కందగడ్డయింది. ఆ వ్యాను బడి వెనకాలే పడి ఉంది, చివరికి బడి ఆయా పెంచుకునే కోళ్ళు అందులో గుడ్లు పెట్టాయి. నాకు మాత్రం ఆ రోజు టీచరమ్మ కాళ్ళు మొక్కాలనిపించింది. ఆమె పోయి చాలా ఏళ్ళయింది.

నేను అమ్మాల్సింది వ్యాను కాదు, ఇల్లు. మాది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. మా ఆయన మోకాళ్ళు పూర్తిగా అరిగిపోయాయి. దవాఖానకు పోవాలంటే కుర్చీలో కూర్చోబెట్టి ఇద్దరు మోయాలి. అందుకే ఇది అమ్మి కింది ఇల్లు ఒకటి కొనుక్కుందామని ఏడాదిగా చూస్తున్నాం. మా అపార్టుమెంటులోనే ఇంకా కొన్ని ఫ్లాట్లకు అమ్మకం బోర్డులు వేలాడుతున్నాయి. అడిగే నాథుడు లేడు. అట్లాంటిది నిన్న డోర్నకల్ నుంచి బదిలీ మీద వచ్చిన రైల్వే ఆయన ఒకడు ఇల్లు చూసి, పెద్దగా బేరమైనా ఆడకుండా సరే అన్నాడు. నాకు అనుమానం పట్టుకుంది. ఇన్ని ఉండగా మాదే ఎందుకు? బ్రోకరూ ఇతనూ కలిసి నన్ను ముంచుతున్నారా? బ్రోకరు కళ్ళతో వద్దంటున్నా ఉండబట్టలేక అడిగేశాను.

"అన్నా, ఏమనుకోకు. ఇన్ని ఫ్లాట్లుండంగ మాదే ఎందుకు నచ్చింది?"

అతను వింతగా చూశాడు. "అన్నీ చూసినక్కా. అన్నిట్ల గోడలు పెచ్చులూడినయ్. మీరొక్కరే మంచిగ రంగేసి చూసుకుంటున్నరు. మా అమ్మకు ఆయాసం, తేమ పడదు."

అనుమానమంతా అతని మీద పెట్టుకుని కూర్చున్నాను. మోసం మా గోడ మీదే ఉంది. పడకగది తలుపు తీసి చూపించాను. "ఈ రంగు మొన్న వేసిందే. వానొస్తే ఈ గోడంత తడుస్తది" అన్నాను. బ్రోకరు నెత్తి పట్టుకున్నాడు. ఆ రైల్వే ఆయన కృతజ్ఞత చెప్తాడనుకుంటున్నారా? నా ముఖంలోకి అదోలా చూశాడు. ఆ తర్వాత ప్రతి గోడనూ వేళ్ళతో కొట్టి చూశాడు, కుళాయిలు తిప్పాడు. "ఇంకేమేమున్నయక్కా?" అని అడిగాడు. ఫోన్ చేస్తానని వెళ్ళాడు. చెయ్యడు, నాకు తెలుసు.

"సత్యహరిశ్చంద్రుడి చెల్లెలు మీరు! మీ ఇల్లు మీరే ఉంచుకోన్రి" అని బ్రోకరూ దిగిపోయాడు.

మా ఆయన లోపలి మంచం మీద నుంచి అంతా విన్నాడు. కోప్పడతాడనుకున్నాను. కోప్పడలేదు. "మంచి పనే చేసినవ్" అన్నాడు. మళ్ళీ తనే, "గనీ నేనెప్పుడు దిగుతనే?" అన్నాడు.

అంగడి నుంచి ఎద్దును తిరిగి తోలుకొచ్చిన రోజు వాళ్ళింట్లో పొయ్యి ఎట్లా వెలిగిందో టీచరమ్మను నేనెప్పుడూ అడగలేదు. రేపు ఇంకెవరో ఇల్లు చూడటానికి వస్తారట. ముందు ఆ గదికే తీసుకుపోతాను. ఇక వేరే విధంగా అమ్మడం నాకు చేతకాదు. గోడ సంగతి చెప్తున్నంతసేపు మాత్రం మా ఆయన మంచం వైపు చూడను.